పాత తొక్కుడు మెషిన్‌కి మోటారు పెట్టించాను: బరంపురం బడాబజారు సందులో పని ఎలా ఉందంటే

ఇంట్లో పాత నల్ల కుట్టు మెషిన్ మూలన పడి ఉన్నవాళ్ళు దాన్ని ఇనప సామాన్లవాడికి ఇచ్చేసే ముందు ఒక్కసారి ఇది చదవండి. ఒడిశాలో మా బరంపురం బడాబజారు దగ్గర ఒక సందులో మెషిన్లు బాగుచేసే చిన్న కొట్టు ఉంది. బోర్డు లేదు. గుమ్మం పక్కన ఎప్పుడూ రెండు మూడు మెషిన్ తలలు బోర్లించి ఉంటాయి, అదే ఆనవాలు. మా అత్తగారి మెషిన్‌ని అక్కడ పూర్తిగా విప్పించి, కడిగించి, మోటారు బిగించాను. ఇప్పుడు బొంతలు, తలగడ గలీబులు, కర్టెన్లు, సంచులు, గుమ్మాలకి తోరణాలు అన్నీ దాని మీదే కుట్టుకుంటున్నాను. కొట్టువాళ్ళ పనితనం ఎలా ఉందో, బాగుపడ్డ మెషిన్ ఇంటి పనికి ఎంతవరకు పనికొస్తుందో రెండూ చెబుతాను, ఎందుకంటే ఒకటి తెలియకుండా రెండోది తేలదు.

మెషిన్ మా అత్తగారికి పెళ్ళిలో పుట్టింటివాళ్ళు పెట్టింది. మెడ మీద బంగారు రంగు అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి. జాకెట్లు, లంగాలు, పిల్లల గౌన్లు, వీధిలో వాళ్ళ చీరలకి ఫాల్స్, అన్నీ దాని మీదే కుట్టారావిడ. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి మా పెరటి గది రేకులు లేచిపోయాయి. మెషిన్ తెల్లవార్లూ వానలో తడిసింది. ఆ తర్వాత చక్రం తిరగలేదు. ఆవిడ దాని మీద పాత దుప్పటి కప్పి, ఏటా దసరాకి పసుపు రాసి బొట్టు పెట్టడం మాత్రం మానలేదు. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఇనుము సంగతి మీకు తెలిసిందే. కప్పిన దుప్పటి కూడా తుప్పు మరకలు పట్టింది.

ముందు ఒక పెద్ద షోరూమ్‌లో అడిగాను. మెషిన్‌ని చూడను కూడా చూడకుండా, ఇలాంటివి ఇప్పుడు ఎవరూ ముట్టుకోరు, కొత్తది తీసుకోండి అన్నారు. జిగ్‌జాగ్, అంటే అటూ ఇటూ వంకర కుట్టు వేసే తెల్ల మెషిన్ కావాలంటే ఎనిమిది, పది వేలు పెట్టాలి. పైగా అత్తగారు ఇంకా మంచంలో కూర్చుని ఆ మూలకే చూస్తుంటారు. అందుకని బడాబజారు కొట్టుకి తీసుకెళ్ళాను.

కొట్టులో పెద్దాయన, ఆయన కొడుకు, పని నేర్చుకునే ఒక కుర్రాడు ఉంటారు. పెద్దాయన నాతో తెలుగు, పక్కనున్న గిరాకీతో ఒడియా, కొడుకుతో రెండూ కలిపి మాట్లాడతారు. మా ఊళ్ళో అది మామూలే. చక్రం పట్టుకుని అటూ ఇటూ కదిపి చూసి, తుప్పు సంగతి అడగలేదు, "ఏటి కుడతావమ్మా? జాకెట్లా, బొంతలా?" అని అడిగారు. ఎక్కువగా బొంతలు, ఇంటి సామాను బాబాయ్ అన్నాను. "అయితే తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు నీ బొంత గుడ్డ తెచ్చుకో. నా దగ్గరున్న పీలికల మీద కుట్టి సూపితే నీకేటి తెలుస్తాది" అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు నమ్మకం కుదిరింది.

పని మొదలుపెట్టిన రోజు కాసేపు అక్కడే కూర్చున్నాను. తలని బోర్లించి, నూనె వేసే ప్రతి కన్నంలోనూ, కదిలే ప్రతి కీలు మీదా కిరసనాయిలు వేశారు. అలా నానబెట్టి వదిలేస్తేగాని చక్రం కదలదట. తుప్పు పైపైనే ఉందనీ, అసలు పట్టేసింది లోపల గడ్డకట్టిన పాత నూనె అనీ చూపించారు. చాలా ఇళ్ళల్లో మెషిన్ నూనె అయిపోతే కొబ్బరి నూనె వేస్తారు. అది ఆరిపోయి బంకలా తయారవుతుంది. మెషిన్ ఎన్నాళ్ళు వాడకపోతే అంత గట్టిపడుతుంది.

తర్వాత సూది కింద ఉండే రేకు విప్పారు. గుడ్డని ముందుకి తోసే పళ్ళ మధ్య నూలు, దుమ్ము, నూనె కలిసి చాపలా అల్లుకుపోయి ఉన్నాయి. పెద్దాయన దాన్ని సూది మొనతో ఒక పక్క ఎత్తి, మొత్తం ఒకే ముక్కగా ఊడదీసి నా అరచేతిలో పెట్టారు. మందం పాత చెప్పు అట్టంత ఉంది. అందులో ఆకుపచ్చ, ఎరుపు, పసుపు నూలు పోగులు పొరలు పొరలుగా కనిపించాయి. అత్తగారు ఏ రంగు జాకెట్ తర్వాత ఏ రంగు కుట్టారో చెప్పేయొచ్చు అనిపించింది. షటిల్ వెనక ఇరుక్కున్న దారం ముక్కల్ని పట్టకారుతో లాగారు. కింది దారం చుట్టే బాబిన్ కూర్చునే కేసు మీది చిన్న రేకు స్ప్రింగు దారం రాపిడికి గాడి పడిపోయింది, అది మార్చక తప్పదన్నారు. మార్చారు.

బిగువు సరిచూసే పద్ధతి మాత్రం అందరూ నేర్చుకోవలసినది. కొత్త బాబిన్ కేసులో దారం చుట్టిన బాబిన్ పెట్టి, దారం కొస పట్టుకుని గాలిలో వేలాడదీశారు. కేసు దానంతట అది జారి కిందికి పోకూడదు. చెయ్యి చిన్నగా కుదిపితే ఒక అంగుళం దిగి ఆగిపోవాలి. అలా ఆగేదాకా కేసు మీది బుల్లి స్క్రూని పావు తిప్పు, పావు తిప్పు చొప్పున తిప్పుతూ పోయారు. అప్పుడు పైన ఎర్ర దారం, కింద తెల్ల దారం ఎక్కించి నా గుడ్డ మీద ఒక గీత కుట్టారు. గుడ్డ అడుగున ఎర్ర దారం ఉచ్చులు ఉచ్చులుగా కనిపిస్తే పై దారం వదులుగా ఉన్నట్టు. పైన తెల్ల చుక్కలు తేలితే పై దారం మరీ బిగిసినట్టు. ముడి రెండు గుడ్డల మధ్యలో దాక్కోవాలి. రెండు రంగుల దారాలతో చూస్తే ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది. ఒకే రంగు దారంతో చూస్తే అనుభవం ఉన్న కన్ను కావాలి.

నేను తీసుకెళ్ళిన గుడ్డలు మూడు రకాలు: నాలుగు మడతల నూలు చీర, ఒంటి మడత పట్టు, పాత జీన్ ప్యాంటు కాలు. మూడింటి మీదా నా చేత్తోనే కుట్టించారు. పట్టు మీద మొదటిసారి పోగు లాగింది. వెంటనే సూది తీసి 11 నంబరుది పెట్టారు, సరిపోయింది. పలచటి పట్టుకీ వాయిల్‌కీ 11, మామూలు నూలుకి 14, జీన్‌కీ బొంతకీ 16 అని చెప్పి మూడు సూదులూ ఒక కాగితంలో చుట్టి ఇచ్చారు. ఇంటి మెషిన్ సూదికి కాడ ఒక పక్క చదునుగా ఉంటుంది. దర్జీల పెద్ద పవర్ మెషిన్ల సూదికి కాడ గుండ్రంగా ఉంటుంది. కొట్లో అడిగేటప్పుడు అది చెప్పండి. సూదికి ఒక వైపు పొడుగ్గా గాడి ఉంటుంది, దారం ఎప్పుడూ ఆ గాడి వైపు నుంచే ఎక్కించాలి. చదును పక్క దానికి ఎదురుగా ఉంటుంది. ఇది తిరగబడితే కుట్టు పడదు, పడినా తప్పిపోతూ ఉంటుంది. మెషిన్ చెడిపోయిందని తిట్టుకుంటాం.

మోటారు చిన్నదే. మెడ వెనక దాని కోసం ముందే ఒక కన్నం ఉంది, అక్కడ బోల్టుతో బిగించారు. కాలి కింద పెట్టుకునే పెడల్ వేరే. పాత స్టాండు, తొక్కుడు పలక, పెద్ద చక్రం అన్నీ అలాగే ఉంచమన్నాను, కొత్త తోలు బెల్టు కూడా వేయించాను. మీరూ అలాగే చేయించండి. వేసవి సాయంత్రం ఈదురుగాలి లేచి కరెంటు పోయిందంటే మా వీధిలో ఎప్పుడొస్తుందో తెలియదు. మోటారు బెల్టు తప్పించి తోలు బెల్టు ఎక్కించుకుంటే పని ఆగదు.

డబ్బు సంగతి. కడిగి సర్వీసు చేసినందుకు 600, మోటారూ పెడలూ కలిపి 1,400, బాబిన్ కేసు 120, తోలు బెల్టు 80. మొత్తం 2,200 రూపాయలు. ఏది ఎంతో ముందే చెప్పారు, తర్వాత పెంచలేదు. చక్రం మార్చాలేమో అని నేనే అడిగితే అక్కర్లేదని చెప్పి ఆ డబ్బు మిగిల్చారు.

నచ్చనివీ ఉన్నాయి. రేపు ఇస్తామన్నది ఎప్పుడూ రేపు కాదు. రసీదు రాసివ్వరు, మోటారు గ్యారంటీ కూడా నోటిమాటే. అన్నిటికంటే ముఖ్యం, పెడల్ తీగకి రెండు పిన్నుల ప్లగ్గు వచ్చింది. మెషిన్ ఒళ్ళంతా ఇనుము. కడిగిన నేల మీద తడి కాళ్ళతో కూర్చునే ఇళ్ళు మనవి. ఎర్త్ తీగతో మూడు పిన్నుల ప్లగ్గు వేయమని గట్టిగా అడిగితే వేశారు. అడగకపోతే వేసేవారు కారు. ఆ పని అడక్కుండానే చెయ్యాలి. నేనైతే కాళ్ళ కింద రబ్బరు చాప కూడా వేసుకుంటున్నాను.

ఇక ఇంటి పని. నాకు అన్నిటికంటే ఇష్టమైనది బొంత. 5.5 మీటర్ల నూలు చీరని మధ్యకి మడిస్తే 2.75 మీటర్లు వస్తుంది. రెండు పాత చీరలు అలా మడిచి ఒకదాని మీద ఒకటి పరిస్తే నాలుగు మడతలు. మంచానికి 2 మీటర్లు చాలు, మిగిలింది కత్తిరించి అంచు పట్టీలకి పెట్టుకోవాలి. నేల మీద పరిచి ముడతలన్నీ లాగి, జానెడు ఎడంలో కచ్చా కుట్లు వేసుకోవాలి. చాలామంది ఈ కచ్చా పని విసుగని మానేస్తారు, అక్కడే బొంత పాడవుతుంది. మెషిన్ మీద మొదటి గీత నడిమధ్య పడాలి. అక్కడి నుంచి ఒక పక్కకి రెండేసి అంగుళాల ఎడంతో గీతలు వేసుకుంటూ అంచుదాకా పోవాలి, మళ్ళీ మధ్యకి వచ్చి రెండో పక్క. అంచు నుంచి మొదలుపెడితే అడుగు మడత ముందుకి జరిగిపోయి చివర్న పొట్టలా ఉబ్బుతుంది. చీర పన్నా 45 అంగుళాలు కాబట్టి కుడివైపు సగాన్ని చుట్టగా చుట్టి మెషిన్ మెడ కిందకి తోస్తే పడుతుంది. 16 నంబరు సూది, అంగుళానికి ఆరేడు కుట్లు. ఈ మెషిన్ నాలుగు మడతల్ని ఆగకుండా కుట్టింది. అంచు పట్టీ దగ్గర ఎనిమిది మడతలు పడే చోట మాత్రం కాలు తీసి, చక్రం చేత్తో తిప్పుతూ దాటించాలి.

పాత చీరలో కాస్త గట్టిగా ఉన్నదాన్ని గలీబులకి దాచండి. 17 అంగుళాల వెడల్పు, 27 అంగుళాల పొడవు తలగడకి 18 అంగుళాల వెడల్పు, 62 అంగుళాల పొడవు గుడ్డ కావాలి. రెండు కొసలూ ముందు మడిచి కుట్టేసి, ఒక కొస ఆరు అంగుళాలు లోపలికి మూతలా మడిచి, రెండు పక్కలా కుట్టి తిరగేస్తే అయిపోయింది. జిప్పు లేదు, గుండీ లేదు, తలగడ జారదు. లెక్క చూడండి: 62 అంగుళాల ముక్కలు చీర పొడవులో మూడు వస్తాయి, పన్నాలో రెండు. ఒక్క చీరకి ఆరు గలీబులు. పైగా తొమ్మిది అంగుళాల అంచు పట్టీ పొడవునా మిగులుతుంది. ఆ పట్టీని నాలుగు మడతలు పెట్టి కుట్టి బజారు సంచులకి చేతులు చేశాను. సంచులు పాత జీన్ ప్యాంట్లవి. వాటిలో కూర, బియ్యం, కొబ్బరికాయలు మోసినా చేతులు ఊడలేదు. కర్టెన్లు తిన్నటి కుట్లే, వాటి గురించి చెప్పడానికేం లేదు.

తోరణం గురించి మాత్రం చెప్పాలి. అత్తగారి పెట్టెలో బరంపురం పట్టు ఒకటి ఉంది. చీర మడతల వెంట చిట్లిపోయింది, కట్టుకోవడానికి లేదు. అంచు మాత్రం చెక్కుచెదరలేదు. ఫొడా కుంభ అంచు, గుడి శిఖరాల వరసలా కోసుగా ఉంటుంది. ఈ బరంపురం పట్టుకి 2012లో జీఐ, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే గుర్తింపు వచ్చింది. దాన్ని నేసే డేరా నేతవాళ్ళ వీధుల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ ఇంట్లో తెలుగే మాట్లాడతారు. అలాంటి అంచుని పెట్టెలో చిమ్మెటలకి వదిలేయడం నాకు మనసు ఒప్పలేదు. అత్తగారిని అడిగాను. చీరని ఒళ్ళో పెట్టుకుని కాసేపు తడిమి, "కత్తిరించు, గుమ్మానికి కడితే రోజూ చూసుకుంటాను" అన్నారు.

పట్టుకి వెనక పేస్టింగ్ కాన్వాస్, అంటే వేడికి అతుక్కునే గట్టి గుడ్డ, ఇస్త్రీ చేసి అతికించాను. ఇస్త్రీ పెట్టె వేడి తక్కువలో ఉండాలి, పట్టు మీద పలచటి నూలు గుడ్డ వేయాలి. 11 నంబరు కొత్త సూది. గుడ్డ అడుగున బటర్ పేపరు పట్టీ పెట్టి కుట్టి, తర్వాత కాగితం చింపేస్తే ముడత రాదు. వార్తాపత్రిక పెట్టకండి, సిరా అంటుతుంది. కోసులు కింది వైపుకి వచ్చేలా ఆకుల్లా కత్తిరించి, పైన నూలు పట్టీలో వరసగా ఇరికించి కుట్టాను. ఈ తిన్నటి కుట్టు మెషిన్ పట్టు మీద వేసిన గీత చూసి పక్కింటి దర్జీ పిన్ని ఎక్కడ కుట్టించావని అడిగింది.

పిపిలి చాందువా పని ఇష్టపడేవాళ్ళకి కూడా ఈ మెషిన్ చాలు. పూరీ జిల్లా పిపిలిలో రథాల కప్పులకీ గొడుగులకీ గుడ్డ ముక్కలతో చిలకలు, ఏనుగులు, పూలు కత్తిరించి కుడతారు కదా. వాళ్ళ చెయ్యి మనకి రాదు గాని, ముక్క అంచుని లోపలికి మడిచి ఇస్త్రీ చేసుకుని చుట్టూ తిన్నటి కుట్టు వేస్తే చిన్న కుషన్ మీద పువ్వు చక్కగా కుదురుతుంది. వంపు దగ్గర సూదిని గుడ్డలోకి దించి, గుడ్డని నొక్కిపట్టే మెషిన్ పాదం ఎత్తి, గుడ్డ కొద్దిగా తిప్పి మళ్ళీ దించాలి. దీనికి మోటారు కంటే తొక్కుడే నయం, ఒక్కో కుట్టూ మన కాలి అదుపులో ఉంటుంది.

చేయనివి: చీర అంచుకి పీకో చేయదు, గుడ్డ అంచు పోగులు ఊడకుండా చుట్టే ఓవర్‌లాక్ లేదు, కాజాలకి వేరే అమరిక కొనాలి. టీషర్టుల్లాంటి సాగే గుడ్డ మీద కుట్లు తప్పిపోతాయి. పాత టీషర్టులతో ఏదైనా చేద్దామనుకునేవాళ్ళకి ఈ మెషిన్ వద్దంటాను. పిల్లల బట్టలే ఎక్కువ కుట్టేవాళ్ళు, చీరలకి పీకో చేసి నాలుగు రూపాయలు సంపాదించాలనుకునేవాళ్ళు జిగ్‌జాగ్ మెషినే కొనుక్కోవాలి. మోటారు పెడల్ తొక్కగానే ఒక్కసారిగా దూకుతుంది. మొదటి రెండు కుట్లు చక్రం చేత్తో తిప్పి, అప్పుడు కాలు ఆనిస్తే ఆ దూకుడు ఉండదు. బొంత ఏకబిగిన కుడితే మోటారు వేడెక్కుతుంది, చెయ్యి పెట్టి చూసుకుని మధ్యలో ఆపాలి. సర్వీసు అయిన కొత్తలో సూది పుల్ల నుంచి నూనె చుక్కలు పడతాయి. మంచి గుడ్డ పెట్టే ముందు పాత పీలిక మీద కాసేపు కుట్టండి.

కొట్టుకి వెళ్ళేవాళ్ళకి రెండు మాటలు. స్టాండు మోసుకెళ్ళక్కర్లేదు. తలని వెనక్కి వాల్చితే కీళ్ళ దగ్గర రెండు స్క్రూలు కనిపిస్తాయి, అవి వదులు చేస్తే తల ఊడి వస్తుంది. బరువు బాగానే ఉంటుంది, దుప్పట్లో చుట్టి ఆటోలో ఒళ్ళో పెట్టుకోవాలి. సూది ముందే తీసేయండి. ఇచ్ఛాపురం వైపు నుంచి రైల్లో వచ్చేవాళ్ళు ఉదయమే వస్తే కొట్టులో తీరిగ్గా చూస్తారు. విశ్వకర్మ పూజ నాడు పని ముట్టరు. దసరా ముందూ, రెండేళ్ళకోసారి వచ్చే ఠాకురాణి యాత్ర అనే అమ్మవారి జాతర ముందూ ఊళ్ళో దర్జీల మెషిన్లన్నీ అక్కడే ఉంటాయి, అప్పుడు మన ఇంటి మెషిన్ వెనకబడుతుంది. మీరు కుట్టబోయే గుడ్డలు తప్పకుండా తీసుకెళ్ళండి, మూడు పిన్నుల ప్లగ్గు ముందే చెప్పండి, మోటారు బెల్టు ఇంకొకటి అదనంగా కొనుక్కుని రండి.